మీ కారు నాకు తెలియదా మాస్టారూ

గాజు తలుపు అవతల ఆకురాయి రాపిడి మొదలై పది నిమిషాలైంది. గర్ర్ గర్ర్ మంటూ ఒక వరసలో సాగి, మేస్త్రికి చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా ఆగి, ఇక అయిపోయిందిలే అనుకునేంతలో మళ్ళీ అందుకుంటోంది. కౌంటరు వెనక కూర్చున్న ఆమె కంప్యూటరు తెర మీద ఎవరిదో వైపరు ఆర్డరు తెరిచి పెట్టుకుని, ఒక్క అక్షరమూ చదవకుండా దాన్నే చూస్తోంది. పళ్ళ మీద ఎవరో ఇసుక వేసి రుద్దుతున్నట్టుంది. ఆ చప్పుడు దేనిదో ఈ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఎదురుగా రెక్సిన్ సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న డ్రైవింగ్ మాస్టారికి తెలియదు. ఆయన కారుకి వేస్తున్న కొత్త బ్రేకు ప్యాడ్లు ఆయన కారువి కావు. అదే కంపెనీ, అదే మోడలు, అదే రంగు డబ్బా, అయినా ఆయన కారువి కావు. చక్రం లోపల వాటిని పట్టి ఉంచే గాడిలో అవి దిగలేదు. దిగనివాటిని దింపాలని రెండు పక్కలా ఉండే ఇనప చెవుల్ని అరగదీస్తున్నారు. తెప్పించింది ఆమె. అరగదీయమన్నది బావ. అరగదీస్తున్నది మేస్త్రి. కూర్చుని వింటున్నది మళ్ళీ ఆమే. ఈ నాలుగు ముక్కలూ మనసులో అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటుంటే నోట్లో తుప్పు రుచి ఊరుతోంది. మింగితే కడుపులోకి పోతుంది, లేచి వెళ్ళి ఉమ్ముదామంటే మాస్టారు ఏమైందమ్మా అని అడుగుతాడు.

రోజూ కూర్చునే గదే, ఇవాళ ఇంత రోతగా కనబడుతోందేమిటి? టీ మిషను కింద పళ్ళెంలో నిన్నటి పాలు మీగడ కట్టి ఉన్నాయి, వాటి మీద ఒక ఈగ తాపీగా కాళ్ళు రాసుకుంటోంది. సోఫా చేతుల మీద వచ్చిపోయేవాళ్ళ చెమటంతా పేరుకుని నల్లటి జిడ్డయింది. గోడకి తగిలించిన సువాసన డబ్బా పావుగంటకోసారి పుస్సుమని పూల వాసన వదుల్తుంది. అది లోపలి నూనె కంపుతో కలిసి, పది రోజులు నీళ్ళు పోసుకోనివాడు అత్తరు పూసుకుని పక్కన కూర్చున్నట్టుంటుంది. ఆ డబ్బా తెచ్చి పెట్టింది తనే. కౌంటరు మీద ‘చాసిస్ నంబరు లేనిదే ఆర్డరు తీసుకోబడదు’ అని పెద్ద అక్షరాలతో రాసి అతికించిందీ తనే. ఆ ‘తీసుకోబడదు’ చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. ఎవరు తీసుకోరట? ఎవరా మహానుభావురాలు?

ఒంటిగంటన్నరకి బావ లోపలికి పిలిచాడు. అక్క మొగుడే ఈ వర్క్‌షాపు యజమాని. జాకీ మీద లేపి ఉన్న కారు పక్కన నిలబడి, చేతిలో కొత్త ప్యాడ్లు పట్టుకుని, పళ్ళు కుట్టుకుంటూ, "ఇవి పట్టడం లేదంటున్నాడు మేస్త్రి. నంబరు చూశావా, చూళ్ళేదా?" అన్నాడు. ఆమెకి గుండె గుభేలుమంది. కానీ ఆ అదురు కన్నా ముందే, ఒక్క లిప్తపాటు, మేస్త్రికే బిగించడం రాక అలా అంటున్నాడేమో అన్న ఆశ మొలిచింది. ఆ ఆశ తల్చుకుంటే ఇప్పుడు మరీ అసహ్యం వేస్తోంది. తప్పు తనదని తెలిసి కూడా ఇంకొకడి నెత్తికెత్తడానికి మనసు ఎంత చురుగ్గా పరిగెత్తింది! పాత ప్యాడు పక్కన కొత్తది పెట్టి చూసింది. రెండు మిల్లీమీటర్లు. ఇంకేం చూడక్కర్లేకపోయింది.

"సరేలే, మనుషులన్నాక జరుగుతుంటాయి. కాస్త రుద్దితే కూర్చుంటాయి," అన్నాడు బావ.

"వద్దు బావా. బ్రేకులవి."

"నీ కోసమే కదే చేస్తున్నాను. నంబరమ్మ తప్పు భాగం తెప్పించిందని బజారంతా చెప్పుకుంటే బాగుంటుందా? కొత్తవి రావాలంటే మూడు రోజులు. మాస్టారికి నాలుగింటికి క్లాసుందట. నువ్వెళ్ళి నీ సీట్లో కూర్చో, నేను చూసుకుంటాగా."

వచ్చి కూర్చుంది. అంతే. వద్దు బావా అన్న ఒక్క మాట ఖర్చుపెట్టి, దానికి రసీదు తీసుకున్నదానిలాగా వచ్చి కూర్చుంది. నేను వద్దన్నాను, వాళ్ళు వినలేదు. ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి ఆ ముక్క ఉందిగా అని లోపల ఎక్కడో లెక్క వేసుకుంది కూడా. ఛీ.

ఈ సీట్లో పద్ధెనిమిదేళ్ళు. మొదట్లో కార్ల గురించి ఆమెకి తెలిసింది ఎక్కడం, దిగడం అంతే. చేరిన నెల్లోనే ఒక డాక్టరుగారి కారుకి పక్క అద్దం తెప్పిస్తే అది అవతలి వైపుది వచ్చింది. మళ్ళీ ఆయనకే హెడ్‌లైటు తెప్పిస్తే అచ్చు గుద్దినట్టు అలాగే ఉంది గానీ వెనక ప్లగ్గులో నాలుగు పిన్నులకి బదులు మూడే ఉన్నాయి. ఆయన కేకలేసినా బాగుండేది. లైటుని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, దగ్గొచ్చినవాళ్ళందరికీ ఒకటే మందు రాసేస్తే నేను డాక్టర్నవుతానా?" అని మెత్తగా అడిగి వెళ్ళిపోయాడు. ఆ మాట నెల్లాళ్ళు ముల్లులా గుచ్చింది. అప్పణ్ణుంచీ పట్టుదల వచ్చేసింది. బండి ఏ ఏడాదిది అని అడిగి ఊరుకోదు, ఏ నెలలో తయారైందో కూడా అడుగుతుంది, కంపెనీవాళ్ళు ఏడాది నడుమ చెప్పాపెట్టకుండా భాగాలు మార్చేస్తారు గనక. ముందు చక్రమా వెనక చక్రమా, కుడా ఎడమా, కుడి అంటే సీట్లో కూర్చున్నవాడి కుడా, బండికి ఎదురుగా నిలబడ్డవాడి కుడా. పాత భాగం ఊడదీసి తెమ్మంటుంది. దాని వీపున పోతపోసిన అంకెల మీది మట్టి పాత పళ్ళబ్రష్షుతో తోమి, భూతద్దం పెట్టి చదువుతుంది. బోల్టు కన్నాలు లెక్కపెడుతుంది. కన్నానికీ కన్నానికీ మధ్య స్కేలు పెట్టి కొలుస్తుంది. అన్నిటికన్నా ముందు చాసిస్ నంబరు, పదిహేడు అక్షరాలు. కాగితాల్లో ఉన్నది ఒకసారి, బండి మీద చెక్కింది ఒకసారి, రెండూ ఒకటేనా అని మరోసారి. ఫోన్లో ఫొటో చూపించి "అచ్చం ఇలాగే ఉంటుందండీ" అనేవాళ్ళకి "ఇలాగే ఉండటం వేరు, ఇదే కావడం వేరు" అని చెప్పేది. విసుక్కుని నంబరమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో అత్తగారు కూడా, వచ్చినవాళ్ళతో, "ఈవిడ మావాణ్ణి కూడా నంబరు చూసుకునే చేసుకుంది, అందుకే ఇన్నేళ్ళయినా వెనక్కి పంపలేదు," అని నవ్వేది. మొదట వెక్కిరింతగా ఉన్న పేరు తర్వాత్తర్వాత మర్యాదగా మారింది. పెద్ద పెద్ద దుకాణాలవాళ్ళు కూడా తేలకపోతే ఫోను చేసి, నంబరమ్మగారిని ఓసారి కనుక్కోండి అనేవారు. ఆ ‘గారు’ ఎప్పుడు నెత్తికెక్కి కూర్చుందో ఆమెకే తెలియలేదు.

గర్ర్ గర్ర్.

"నంబరమ్మగారూ, తీసుకోండి." మాస్టారు కమలాపండు వలిచి రెండు తొనలు కౌంటరు మీదికి చాచాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎండకి ఒక చెయ్యి నల్లబడి ఒక చెయ్యి తెల్లగా ఉంటుంది, రోజంతా కారు కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చోవడం వల్ల. స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి ‘మెల్లగా, మెల్లగా’ అని చెప్పీ చెప్పీ ‘మెల్లగా మాస్టారు’ అని పేరు పడిపోయాడు. ఊళ్ళో సగంమంది ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. ఆయన కారులో రెండు బ్రేకు పెడళ్ళుంటాయి, నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఒకటి, ఆయన కాలి కింద ఒకటి.

వద్దనకుండా తీసుకుంది. తొన నోట్లో వేసుకుంది.

"తియ్యగా ఉందా?"

"బాగుందండీ."

"నేను ఎక్కడెక్కడివాళ్ళో పిలుస్తున్నా వెళ్ళకుండా మీ దగ్గరికే ఎందుకొస్తానో తెలుసా? మీరు తెప్పించారంటే నేను మళ్ళీ చూసుకోనక్కర్లేదు. నా పనేమో అలాంటిది మరి. పక్కనున్నవాళ్ళు కంగారులో బ్రేకనుకుని వేరేది తొక్కేస్తారు. నేను తొక్కితే మాత్రం ఆగి తీరాలి. మళ్ళీ ఇంకో ఛాన్సుండదు."

ఆమె తలూపింది. తలూపుతున్న తన మొహం ఎలా ఉందో కంప్యూటరు తెర అంచున నీడలా కనబడింది. పెదాలు సాగి ఉన్నాయి. నవ్వే. ఈ నవ్వు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంది? తొన నోట్లో పిప్పయింది, రసమంతా పోయి తోలు మిగిలింది. మింగుదామంటే గొంతు దిగదు, తియ్యడానికి ఆయన చూస్తున్నాడు. నాలుకతో దవడకి నెట్టి అక్కడే దాచుకుంది. దాచుకున్న కొద్దీ అది ఉబ్బుతున్నట్టనిపించింది. ఆయన వేళ్ళ వాసన, పండు తొక్క వాసన, పుస్సుమని అప్పుడే గదిలోకి చిమ్మిన దొంగ పూల వాసన. 

పది రోజుల కిందట ఫోను చేశాడు మాస్టారు. ముందు చక్రాల బ్రేకులు అరిగినట్టున్నాయమ్మా, చప్పుడొస్తోంది, కొత్తవి తెప్పించండి, నంబరు చెప్తాను రాసుకుంటారా, అన్నాడు. కాగితాలు చేతిలో పట్టుకునే మాట్లాడుతున్నట్టు ఆ గరగర కూడా వినబడింది. ఆమె అప్పుడు ఏం చేస్తోంది? ఏమీ చెయ్యడం లేదు. అదీ తమాషా. పని ఒత్తిడి లేదు, ఇంట్లో గొడవ లేదు, ఒంట్లో నలత లేదు. ఒక నెపం దొరికితే బాగుండునని ఈ పది నిమిషాల్లో ఆ పూటనంతా దులిపి చూసుకుంది. ఏదీ దొరకలేదు. కౌంటరు దగ్గర ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, అంతే. వాళ్ళు వింటున్నారు. వాళ్ళు వింటున్నారని తెలిసి గొంతు కొంచెం పెంచి, "మీ కారు నాకు తెలియదా మాస్టారూ! నంబరు నోటికొచ్చు నాకు," అంది. పదిహేడు అక్షరాలూ తడుముకోకుండా చెప్పేసింది కూడా. వాళ్ళలో ఒకాయన "అబ్బో" అన్నాడు. ఆ అబ్బో కోసమే చెప్పింది. అటువైపు మాస్టారు కూడా మురిసిపోయి, కాగితంలో ఉన్నదానితో సరిచూసుకోకుండానే పెట్టేశాడు. చెప్పిన నంబరు తప్పు కాదు. అక్షరం పొల్లుపోకుండా ఆయన కారు నంబరే. కాకపోతే ఆయన పాత కారుది. రెండేళ్ళ కిందట దాన్ని తమ్ముడికిచ్చేసి, అదే మోడల్లో, అదే తెలుపు రంగులో, తర్వాతి ఏడాదిది కొనుక్కున్నాడు. కొన్న రోజున స్వీటు డబ్బా కూడా తెచ్చి ఇదే కౌంటరు మీద పెట్టాడు. ఆ స్వీటు తిన్నది గుర్తుంది గానీ కారు మారింది గుర్తు లేదు. ఆ రెండు కార్లూ తయారైన ఏళ్ళ నడుమే కంపెనీ బ్రేకులు మార్చింది. ఈ సంగతి బజారులో అందరికన్నా ముందు కనిపెట్టి నలుగురికీ చెప్పింది కూడా తనే.

ఎవరైనా వేరేవాళ్ళు ఇలా చేసి ఉంటే ఆమె ఏమనేది? అనేదేమిటి, అంది. ఐదేళ్ళ కిందట ఒక భార్యాభర్తలు కారు తెచ్చారు, వెనక సీట్లో చంటిపిల్లకి కట్టే కుర్చీ ఉంది, చక్రం ఊగుతోందన్నారు. విప్పి చూస్తే వేరే బండి బోల్టులు, మర సరిపోక సగం అరగదీసి బలవంతాన బిగించి ఉన్నాయి. ఎక్కడో దారిలో ఎవరో చేసిన పని. ఆ బోల్టుని రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని ఆ భార్య మొహం ముందు ఆడిస్తూ, "అన్నం తినేవాడు చేసే పనేనా ఇది?" అంది. అన్నప్పుడు ఎంత హాయిగా ఉండిందో! ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. ఆ పూట ఇంటికెళ్ళి ఆ మాట మొగుడికీ చెప్పింది, అత్తగారికీ చెప్పింది, మర్నాడు అక్కకి ఫోన్లోనూ చెప్పింది. ఇవాళ మధ్యాహ్నం కూడా అన్నం తింది. బావ పిలవక ముందు. శుభ్రంగా తింది, గిన్నె కడిగి పెట్టుకుంది.

తలుపు తోసుకుని బావ వచ్చాడు. మాస్టారి వైపు తిరిగి, "అయిపోయిందండీ, పావుగంటలో మీ చేతికిచ్చేస్తాం," అని, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "మొహం అలా పెట్టకు. చూస్తే ఆయనకి అనుమానమొస్తుంది," అన్నాడు. పంటి సందులో పుల్ల అటు నుంచి ఇటు మారింది. చొక్కా జేబులోంచి నలిగిన చాక్లెట్ తీసి ఆమె కీబోర్డు పక్కన పెట్టాడు, చిన్నపిల్లకి పెట్టినట్టు. ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండేది! చెడ్డవాడు కాదు. ఆమె మొగుడు నడుం విరిగి ఏడాది మంచాన పడ్డప్పుడు, అక్కకి కూడా చెప్పకుండా వచ్చి, "ఇంట్లో కూర్చుని ఏడ్చేకన్నా నా కౌంటర్లో కూర్చుని లెక్కలు రాయి," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని ఎత్తిచూపలేదు. ఇవాళ కూడా నిజంగానే ఆమె పేరు కాపాడుతున్నాననే అనుకుంటున్నాడు. మరదలి కోసం చేస్తున్నాడు. ఆ ప్రేమే జిగురులా ఒంటికి అంటుకుంటోంది, వదిలించుకుందామంటే వేళ్ళకీ పాకుతోంది. ఈయన మంచితనంలో ఇది ఎన్నోది? తనకి తెలియకుండా ఎవరెవరి కోసం ఇంకా ఏమేం రుద్ది కూర్చోబెట్టాడో? మేస్త్రి చేతికి ఆ ఆకురాయి అంత అలవాటుగా ఎలా అమరింది?  మరుక్షణమే, తనని వదిలి బావ మీదికి అసహ్యాన్ని మళ్ళించుకుంటున్నందుకు మళ్ళీ తన మీదే వెగటు పుట్టింది.

చప్పుడు ఆగిపోయింది. ఆగితే బాగుండునని ఇంతసేపూ అనుకుంది గానీ, ఆగాక గది ఒక్కసారిగా ఖాళీ అయి ఇంకా భయమేసింది. చక్రం బిగిస్తున్న చప్పుడు, జాకీ దించిన చప్పుడు. మేస్త్రి కారు స్టార్టు చేసి ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు, గోడ దగ్గర బ్రేకు వేశాడు. ఆగింది. ఇంకో చుట్టు తిప్పి మళ్ళీ వేశాడు. ఆగింది. బావ గాజు తలుపు అవతల నుంచి ఆమె వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, చూశావా అన్నట్టు. ఆగుతుంది. ఎందుకాగదు? మెల్లగా తొక్కితే రేపూ ఆగుతుంది, ఎల్లుండీ ఆగుతుంది. చెవులరిగిన ప్యాడు గాడిలో వదులుగా కూర్చుని, తొక్కినప్పుడల్లా పిసరంత కదులుతూ ఉంటుంది. గట్టిగా, ఉన్న బలమంతా పెట్టి తొక్కిన రోజున అది పక్కకి ఒరుగుతుందో, ఇరుక్కుంటుందో, ఏమీ కాదో. ఏమీ కాకపోవచ్చు. నూటికి తొంభై పాళ్ళు ఏమీ కాదు. ఆ తొంభై మీద కూర్చుని చాక్లెట్ తినొచ్చు. కానీ మాస్టారు బ్రేకు తొక్కేదే గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడు కదా. మెల్లగా తొక్కే పనైతే పక్కనున్నవాళ్ళే తొక్కుతారు. బజారులో ఇన్ని వందల కార్లుండగా ఆ ప్యాడ్లు పోయి పోయి ఆ కారుకే పడ్డాయి. ఆయనకి ఫోను చేసి క్లాసు బాగుందా అని రోజూ అడుగుతూ కూర్చుంటుందా తను? ఎవరో మాస్టారి కారుకి దెబ్బ తగిలిందట అని ఎప్పుడో ఒక మాట చెవిన పడితే, ఆ ‘ఎవరో’ అన్నచోట ఆగి, ఏ కారు, ఏ రంగు, ఏ చక్రం అని అడగాలి. అడిగే మొహం ఉంటుందా? పైగా ఆ రోజు కూడా, బ్రేకులు కాకుండా ఇంకేదైనా కారణమై ఉంటే బాగుండునని ముందుగా కోరుకునేది తన మనసే. దాని నడక ఆమెకి ఇవాళ బాగా తెలిసింది. దవడలో దాచిన పిప్పిని కాగితం రుమాల్లోకి ఊసింది. ఎవరు చూస్తే ఏం.

బావ వెనకే మేస్త్రి గదిలోకొచ్చి తాళం చెవి కౌంటరు మీద పెట్టాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు. గోళ్ళ సందుల్లో మెరుస్తున్న ఇనప రజను, అరచేతికి ఎర్రటి గీత. మాస్టారు లేచి, పండు తొక్కలన్నీ ఒబ్బిడిగా పోగుచేసి చెత్తడబ్బాలో వేసి, చేతులు దులుపుకుని తాళం చెవి కోసం చెయ్యి చాచాడు.

ఆమె తాళం చెవి మీద అరచెయ్యి పెట్టింది.

"మాస్టారూ, ఆ కారు తీసుకెళ్ళకండి."

"ఏమ్మా? ఇంకా ఏమైనా మిగిలిందా?"

"అవి మీ కారు ప్యాడ్లు కావు. మీ పాత కారువి. నంబరు చూసుకోకుండా నేను తెప్పించాను. అవి పట్టలేదు. అరగదీసి పట్టించారు. ఇంతసేపూ మీకు వినబడిన చప్పుడు అదే."

బావ పంటి సందులో పుల్ల ఆగిపోయింది. "మాస్టారూ, ఆవిడ వట్టి కంగారు మనిషండీ, ఏదో అనుకుని..." అంటూ ముందుకొచ్చాడు. మాస్టారు అటు చూడకుండానే చెయ్యి అడ్డంగా పెట్టాడు, రోడ్డు మీద నేర్చుకునేవాళ్ళని ఆపినట్టు. బావ ఆగాడు.

"నేను నంబరు చెప్తానన్నాను కదమ్మా," అన్నాడు మాస్టారు.

"అన్నారు."

"మీరే అక్కర్లేదన్నారు."

"అన్నాను."

"పట్టలేదని మీకెప్పుడు తెలిసింది?"

"ఒంటిగంటన్నరకి."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. రెండున్నర దాటింది. ఆ గంటనంతా ఆయన కళ్ళతో కొలుస్తున్నట్టనిపించింది ఆమెకి. "నా ఎదురుగా కూర్చున్నారు," అన్నాడు. "నేనిచ్చిన పండు తిన్నారు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనగలిగేది. చెప్పేస్తే తేలికపడుతుందని ఎవరంటారో గానీ, ఆమెకేమీ తేలికపడలేదు. ఇంతసేపూ లోపల ఒక్కచోట ముద్దగా ఉన్నది ఇప్పుడు ఒళ్ళంతా పాకింది. ఆయన మొహంలో కోపం లేదు. అన్నంలో ఏదో కనబడి పళ్ళెం మెల్లగా అవతలికి జరిపే మనిషి మొహం అది. ఆ కనబడినది తను.

"పోయినేడు క్లచ్ ప్లేటు మీరే తెప్పించారు. అది నా కారుదేనా?"

"మీదేనండీ. అప్పుడు మీ కాగితాలు చూసే తెప్పించాను."

"నేనెలా నమ్మను?"

 పద్ధెనిమిదేళ్ళ అంకెలన్నీ ఒక్కసారి రంగు వెలిసిపోయినట్టయింది. రేపు ఆయన చెప్పకపోయినా బజారుకి తెలుస్తుంది. తెలియనీ. మేస్త్రి, ఎవరూ చెప్పకుండానే, అవతలికి పోయి జాకీని మళ్ళీ కారు కిందికి తోసి చక్రం బోల్టులు వదులు చేస్తున్నాడు. బావ నోట్లో పుల్ల తీసి విరిచి కింద పడేశాడు. "బాగా చేశావు. మీ అక్కకి నువ్వే చెప్పుకో," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన వెనక తలుపు చాలాసేపు ఊగుతూ ఉంది.

"సరైనవి మూడు రోజుల్లో వస్తాయండీ," అంది ఆమె. "ఇప్పుడే మీ ఎదురుగానే..."

"వాటి సంగతి తర్వాత." మాస్టారు జేబులోంచి ఫోనూ, మడతలు పడ్డ కాగితం ఒకటీ తీశాడు. కాగితంలో వరసగా పేర్లూ, టైములూ. నాలుగింటికొకరు, ఐదింటికొకరు, రేపు ఉదయం ముగ్గురు. మొదటి పేరు మీద వేలు పెట్టి ఫోను కలిపాడు. "అమ్మా, మాస్టార్ని. ఇవాళ క్లాసు లేదు." అవతల నుంచి ఏదో అడిగినట్టున్నారు. ఆయన నోరు తెరిచి, ఆమెని చూసి, మళ్ళీ మూశాడు. ఫోను చెవి నుంచి తీసి కౌంటరు మీదుగా ఆమెకి చాచాడు.

"ఎందుకు లేదో మీరు చెప్పండి."

ఆమె అందుకుంది. చెవికి పెట్టుకుంటే అవతల ఆడపిల్ల గొంతు, ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది.

"నేను వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నానమ్మా," అంది ఆమె. "మాస్టారి కారుకి నేను తప్పు బ్రేకులు తెప్పించాను. అది రోడ్డెక్కడానికి పనికిరాదు. నా వల్లే క్లాసు పోయింది."

అవతల ఒక పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య!" అంది ఆ పిల్ల. "ఇవాళ మొదటిసారి పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్తానన్నారండీ. పొద్దున్నుంచీ నాకు మంచినీళ్ళు కూడా దిగలేదు, కాళ్ళు ఒకటే వణుకు. మీరెవరో గానీ దేవతలా ఫోను చేశారు. రేపు కూడా ఉండదా అండీ?"

"మూడు రోజులు ఉండదమ్మా."

"థాంక్సండీ! చాలా చాలా థాంక్స్!"

ఆ సంతోషం చెవిలోంచి కారి మెడ మీదికి జారినట్టయింది. ఆమె ఫోను తిరిగిచ్చేసింది. మాస్టారు దాన్ని అందుకుని, ఆమె చెంప తగిలిన అద్దాన్ని చొక్కా అంచుతో నిదానంగా, పైనుంచి కిందికి తుడిచాడు. కాగితంలో రెండో పేరు మీద వేలు పెట్టి, ఫోను కలిపి, మళ్ళీ ఆమె చేతికిచ్చాడు.